ఆయాసం లేని రోజున మందు

స్మారక ఉపన్యాసాన్ని ఊరి గొప్పతో మొదలుపెట్టడం మన ఆనవాయితీ. తిరుత్తణికి ఆ విషయంలో కరువు లేదు. కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి, కొండకు 365 మెట్లు, 1888 సెప్టెంబరు 5న ఇక్కడ పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇవి అయ్యాక 1960 ఏప్రిల్ 1న ఈ ఊరు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారిన సంగతి ఎవరో ఒకరు తప్పక తీస్తారు. అవన్నీ మీకు తెలిసినవే. ఎవరూ అంతగా చెప్పుకోని మరో గొప్పతో నేను మొదలుపెడతాను. 1968లో, అప్పటి చెంగల్పట్టు జిల్లాలో ఉన్న తిరువళ్లూరు ప్రాంతంలో, ప్రపంచంలోకెల్లా పెద్ద బీసీజీ టీకా పరీక్ష మొదలైంది. సుమారు 2 లక్షల 80 వేల మందిని చీటీలు తీసినట్టు విడదీసి కొందరికి టీకా, కొందరికి టీకాలాగే కనిపించే ఉత్త ద్రవం ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో వేయించుకున్నవారికీ తెలియదు, వేసినవారికీ తెలియదు. పదేళ్లు దాటాక లెక్క తీస్తే, పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలింది. 15 ఏళ్ల లెక్కలు 1999లో అచ్చయినప్పుడూ మాట మారలేదు. పసిపిల్లల్లో క్షయ మెదడుకు పాకకుండా బీసీజీ కాపాడుతుంది కాబట్టి ఇప్పటికీ వేస్తున్నాం, అది వేరే సంగతి. దేశమంతా నమ్మిన మందును కూడా పరీక్షకు పెట్టవచ్చనీ, ఫలితం మనసుకు రుచించకపోయినా ఒప్పుకోవాలనీ ఈ జిల్లా పల్లెలు లోకానికి చూపించాయి.

దానికి పన్నెండేళ్ల ముందు, 1956లో, మద్రాసు నగరంలో మరో పరీక్ష జరిగింది. క్షయ రోగిని శానటోరియంలో పడుకోబెట్టి, పాలూ గుడ్లూ పెట్టి, మంచి గాలి తగిలేలా చూస్తేనే నయమవుతుందని అప్పటి నమ్మకం. 193 మంది పేద రోగుల్లో సగం మందిని శానటోరియంలో ఉంచారు, మిగతా సగాన్ని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి మాత్రలిచ్చారు. 1959లో వచ్చిన ఫలితం ప్రపంచ క్షయ వైద్యాన్నే తిప్పేసింది: ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే నయమైంది. తిండి, గాలి, విశ్రాంతి, ఇవన్నీ మంచివే. కానీ ఫలితాన్ని తేల్చింది మందు రోజూ పడిందా లేదా అన్నదే. పిల్లల ఉబ్బసం గురించి మాట్లాడడానికి వచ్చి క్షయ కథ ఎందుకు చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. ఈ రెండు పరీక్షల నుంచి మనం నేర్చుకున్నది పక్కింటి జబ్బుకు మాత్రం వర్తింపజేయలేదు, అందుకని.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అలర్జీ ఉబ్బసం ఉన్న పిల్లకు అసలు వైద్యం జరగవలసింది ఆయాసం ఎక్కిన రాత్రి ఆసుపత్రిలో అనుకుంటున్నాం. పిల్ల ఆడుకుంటూ, అన్నం తింటూ, బాగానే ఉన్న రోజున ఇంట్లో జరగవలసిన వైద్యం అది. ఆ రోజుల్లో మందు పడకపోవడమే మన అసలు జబ్బు. 2019 ప్రపంచ అంచనాల ప్రకారం మన దేశంలో ఉబ్బసం ఉన్నవారు సుమారు 3 కోట్ల 40 లక్షలు, లోకం మొత్తం మీద ఉన్న ఉబ్బస రోగుల్లో 13 శాతం. ఉబ్బసంతో పోయేవారిలో మాత్రం మన వాటా 40 శాతం పైనే. చావుల్లో పెద్దవాళ్లే ఎక్కువ, నిజమే. అయినా రోగుల వాటాకూ చావుల వాటాకూ ఇంత తేడా ఉందంటే, మన గాలి చెడ్డదని ఒక్క మాటతో సరిపెట్టలేం. జబ్బు అందరిదీ ఒకటే, దాన్ని చూసుకునే తీరులో ఎక్కడో తిరకాసు ఉంది.

ఊపిరి గొట్టంలో జరిగేది రెండు పనులు. గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. గొట్టం లోపొర వాచి జిగట కఫం ఊరుతుంది. బిగుసుకోవడం గంటల్లో వచ్చి గంటల్లో పోతుంది. వాపు వారాలు, నెలలు ఉంటుంది, పిల్ల నవ్వుతూ తిరుగుతున్నప్పుడూ ఉంటుంది. సాల్బుటమాల్ లాంటి ఉపశమన మందు కండరాన్ని నాలుగైదు గంటలు వదులు చేస్తుంది, వాపు జోలికి పోదు. బుడెసొనైడ్, బెక్లోమెథసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్లు, అంటే నివారణ మందులు, వాపును తగ్గిస్తాయి, కానీ రోజులు పడుతుంది. అందుకే తల్లిదండ్రుల కంటికి మొదటిది మందులా, రెండోది దండగలా కనిపిస్తుంది. నెబులైజర్ పెట్టిన పావుగంటకే పిల్లికూతలు ఆగి, డొక్కలు ఎగరేయడం తగ్గి, పిల్ల నిద్రపోతే ఆ మందుకు దండం పెట్టని అమ్మ ఉండదు. రోజూ రెండుపూటలా పీలిస్తే ఏమీ జరగకుండా ఉండే మందును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఏమీ జరగకపోవడమే దాని పని.

మన ఊళ్లలో ఇలాంటి పిల్ల దారి ఎలా ఉంటుందో చూడండి. మూడో ఏట దగ్గు మొదలవుతుంది, రాత్రి రెండు తర్వాత ఎక్కువ, తెల్లారేసరికి నెమ్మది. మొదట దగ్గు సిరప్, తర్వాత యాంటీబయాటిక్, ఆ తర్వాత నోటి ద్వారా సాల్బుటమాల్ సిరప్. ఆ సిరప్‌తో చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఊపిరి గొట్టానికి చేరేది కొంచెమే. అది కుదరకపోతే రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ పెరిగాయని ‘ఈసినోఫీలియా’ అంటారు. మరికొందరికి ‘ప్రైమరీ కాంప్లెక్స్’ అని చెప్పి ఆరు నెలలు క్షయ మందులు వాడిస్తారు. దక్షిణాదిలో ఈ మాట తెలియని ఇల్లు అరుదు. నిజంగా క్షయ సోకిన పిల్లలు ఉన్నారు, వాళ్లకు ఆ మందులు పడాల్సిందే. అయితే బరువు తగ్గకుండా, జ్వరం లేకుండా, మళ్లీ మళ్లీ వచ్చి మళ్లీ మళ్లీ పోయే దగ్గు, అందులోనూ పరుగెత్తితే, నవ్వితే, జలుబు చేస్తే రెచ్చిపోయే దగ్గు క్షయ నడకలా ఉండదు. క్షయ మీద ఇంత పరిశోధన జరిగిన జిల్లాలోనే క్షయ పేరుతో ఉబ్బసం దాక్కోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. డాక్టర్లనే అనలేం. ‘ఆస్తమా’ అన్న మాట వింటే తల్లిదండ్రుల ముఖం మాడిపోతుంది, ఆడపిల్లయితే పెళ్లి దాకా ఆలోచన పోతుంది. ఆ ముఖం చూడలేక వేరే పేరు రాసేస్తారు, పేరు తప్పాక మందూ తప్పుతుంది.

ఇక సాక్ష్యం. కెనడాలోని సస్కాచ్‌వాన్ రాష్ట్రంలో ఉబ్బసం మందులు వాడే 30 వేల మందికి పైగా రోగుల రికార్డులు తిరగేసి 2000లో ఒక పరిశోధన వెలువడింది. గడచిన ఏడాదిలో తక్కువ మోతాదు పీల్చే స్టెరాయిడ్ డబ్బా ఒక్కొక్కటి అదనంగా వాడినకొద్దీ ఉబ్బసంతో చనిపోయే అవకాశం 21 శాతం చొప్పున తగ్గింది. మందు ఆపేసిన మొదటి మూడు నెలల్లో ఆ అవకాశం మళ్లీ పెరిగింది. ఉపశమన మందు మీదే ఆధారపడితే ఏమవుతుందో అంతకు ముందే తెలిసివచ్చింది: 1960ల్లో ఇంగ్లండులో బలమైన ఐసోప్రినలిన్ ఇన్‌హేలర్లు, 1976 తర్వాత న్యూజిలాండులో ఫెనొటెరాల్ విరివిగా వాడకంలోకి వచ్చిన కాలంలో కుర్రవాళ్ల ఉబ్బసం చావులు పెరిగాయి. చివరికి 2019లో గినా అనే అంతర్జాతీయ సంస్థ పన్నెండేళ్లు దాటినవారెవరికీ ఉపశమన మందు ఒక్కటే రాయకూడదని తేల్చి చెప్పింది. ఫిన్లండు 1994 నుంచి 2004 దాకా పదేళ్ల కార్యక్రమం పెట్టి, జబ్బును తొలిరోజుల్లోనే పట్టి వాపు మందు మొదలుపెట్టడమే విధానం చేసుకుంది. ఉబ్బసం రోగులు ఆసుపత్రిలో గడిపే రోజులు సగానికి పడిపోయాయి. వాళ్ల చలి వేరు, మన ఎండ వేరు. ఊపిరి గొట్టం లోపలి వాపుకు ఆ తేడా తెలియదు.

మొదటి ఆక్షేపణ స్టెరాయిడ్ అన్న పేరు. దీన్ని కొట్టిపారేయకూడదు, అందులో నిజం ఉంది కాబట్టి. అమెరికాలో 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 1,041 మందిని తీసుకుని, కొందరికి బుడెసొనైడ్, కొందరికి నెడోక్రోమిల్ అనే మరో మందు, కొందరికి ఉత్త పొడి నాలుగు నుంచి ఆరేళ్లు ఇచ్చి చూశారు. ఆ పిల్లలు పాతికేళ్ల వాళ్లయ్యాక 2012లో మళ్లీ కొలిస్తే, బుడెసొనైడ్ వాడినవారు ఉత్త పొడి వాడినవారికంటే సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టి. ఆ లోటు మొదటి రెండేళ్లలో వచ్చిందే. ఏటేటా పెరుగుతూ పోలేదు. సెంటీమీటరు కూడా మా పిల్లకు ఎందుకు తగ్గాలి అని అడిగే హక్కు తల్లికి ఉంది. జవాబు త్రాసు రెండో తట్టలో ఉంది. నివారణ మందు వాడని పిల్లకు ఆయాసం ఎక్కిన ప్రతిసారీ నోటి ద్వారా స్టెరాయిడ్ పడుతుంది. 20 కిలోల పిల్లకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులు ప్రెడ్నిసొలోన్ ఇస్తే 100 మిల్లీగ్రాములు, అంటే లక్ష మైక్రోగ్రాములు. రోజుకు 200 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ పీల్చే పిల్ల అంత బరువు మందు వాడడానికి 500 రోజులు పడుతుంది. రెండు మందుల బలం ఒకటి కాదు, కాబట్టి ఇది కచ్చితమైన తూకం కాదు, కానీ ఎటు మొగ్గుతుందో కనిపిస్తూనే ఉంది. ఒకటి రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది, రెండోది చాలావరకు గొట్టంలోనే పనిచేస్తుంది. స్టెరాయిడ్‌కు భయపడి ఇన్‌హేలర్ మానేసిన ఇంట్లోనే ఏడాదికి నాలుగుసార్లు స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు పడుతుంటాయి. చీటీ మీద పేరు వేరు కాబట్టి ఎవరూ గమనించరు.

అలవాటైపోతుందేమోనన్నది రెండోది. దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. కళ్లద్దాలు తీస్తే మసకగా కనిపించడం అద్దాలకు బానిస కావడం కాదు.

పెద్దయితే అదే పోతుందన్నది మూడోది, మన ముసలమ్మల మాట. ఇది సగం నిజం, అందుకే ప్రమాదం. అమెరికాలోని టూసన్ నగరంలో పుట్టినప్పటి నుంచి పిల్లలను వెంట ఉండి గమనించిన పరిశోధన 1995లో చెప్పింది: మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చిన పిల్లల్లో పదిమందికి ఆరుగురికి ఆరో ఏటికి అవి ఆగిపోయాయి. జలుబుతో మాత్రమే కూతలు వచ్చి, మధ్యలో హాయిగా ఉండే రెండేళ్ల పిల్లకు తొందరపడి ఏళ్ల తరబడి మందు రాయనక్కర్లేదు. అయితే అమ్మకో నాన్నకో ఉబ్బసం ఉండి, పిల్లకు మోచేతుల మడతల్లో గజ్జి లాంటి అలర్జీ పొక్కులు ఉండి, జలుబు లేనప్పుడూ కూతలు వస్తుంటే ఆ పిల్ల మిగిలిన నలుగురి వైపే. ఆ నలుగురికి ‘అదే పోతుంది’ అన్న మాట బడి మానేసిన రోజులుగా, నిద్రలేని రాత్రులుగా ఖర్చవుతుంది.

మందు ఎందుకు, అలర్జీ కలిగించేదాన్నే తీసేస్తే సరిపోదా అంటారు. చదువుకున్నవాళ్లు ఎక్కువగా అనే మాట ఇది. మూలం పట్టుకోవాలనుకోవడం మంచి బుద్ధే. ఇంటి దుమ్ములో అలర్జీ కలిగించేది ప్రధానంగా కంటికి కనిపించని నల్లి జాతి పురుగేనని 1960ల్లో లైడెన్ నగరంలో డచ్చి శాస్త్రవేత్తలు రుజువు చేశారు. మన ఉక్క, మన బూరుగుదూది దిండ్లు దానికి పండగ. దిండును ఎండలో వేస్తే పురుగు కొంత చస్తుంది. అలర్జీ కలిగించేది దాని పెంట, అది ఎండకు పోదు; వేడినీళ్లతో ఉతికితే పోతుంది. అలా ఉతకమనే నేనూ చెబుతాను. కానీ పరుపుకు తొడుగు వేయడం, దుమ్ము దులపడం వంటి ఒక్కో చర్యను విడిగా పరీక్షించిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఉబ్బసం మీద చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. 2004లో అమెరికా నగరాల పేద ఇళ్లలో 937 మంది పిల్లలకు బొద్దింకలు, పొగ, పురుగు, అన్నిటినీ ఒకేసారి పట్టించుకుంటే లక్షణాలు తగ్గాయి, మందుతో పాటుగానే. పళ్లిపట్టు, ఆర్కే పేట వైపు మరమగ్గం నట్టింట్లో ఆడుతుంది, పక్కనే పిల్ల పడుకుంటుంది. ఆ నూలు దుమ్ము తీసేయమంటే కూడు తీసేయమన్నట్టే. అక్కడ చేయగలిగింది పిల్ల పక్కను మగ్గానికి ఎడంగా మార్చడం, ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవడం. దోమల చుట్ట మాత్రం ఈ రోజే మానేయవచ్చు. ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నని నుసి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో లెక్కగట్టారు. దోమతెర దానికంటే మేలు. భోగి మంట సంగతి అందరికీ తెలిసిందే. ఎన్నూరు, అత్తిపట్టు బొగ్గు పొగ గురించి మాత్రం తల్లిదండ్రులకు సలహా ఇవ్వడం అన్యాయం. అది ప్రభుత్వాన్ని అడగవలసిన మాట.

తిండి విషయంలో మనవాళ్లు మరీ కఠినం. పెరుగు, అరటిపండు, ద్రాక్ష, నిమ్మ, కొబ్బరినీళ్లు, ఒక్కొక్కటిగా పళ్లెంలోంచి వెళ్లిపోతాయి. ఉబ్బసాన్ని నిజంగా రెచ్చగొట్టే తిండి చాలా కొద్దిమంది పిల్లలకే ఉంటుంది, అదీ తిన్న కాసేపటికే దద్దుర్లతో, వాంతితో బయటపడుతుంది. వేలు పోసి చేయించే రక్తపరీక్షలో ముప్పై తిండి వస్తువుల ఎదుట గుర్తు పడినంత మాత్రాన ముప్పై మానేయక్కర్లేదు. ఆ పరీక్ష శరీరం గుర్తుపట్టిందని చెబుతుంది, జబ్బు చేస్తుందని చెప్పదు. అలర్జీ ఇంజెక్షన్ల వైద్యం 1911 నుంచి ఉంది, ఒకే అలర్జీ స్పష్టంగా తేలిన కొందరికి ఉపయోగపడుతుంది, అదీ ఉబ్బసం అదుపులోకి వచ్చాకే మొదలుపెట్టాలి.

తెలుగువాళ్ల సభలో చేప ప్రసాదం మాట ఎత్తకుండా ఉబ్బసం గురించి మాట్లాడడం మర్యాద కాదు. ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని కుటుంబం కొరమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని మందు పెట్టి మింగిస్తుంది; 1845 నుంచి ఈ ఆచారం ఉందని వాళ్లు చెబుతారు. ఒకప్పుడు చేప మందు అన్నది ఇప్పుడు ప్రసాదం అయింది. డబ్బు తీసుకోరు, ఆ ఉదారత మీద నాకు గౌరవమే. వెళ్లొచ్చాక తగ్గిందనేవాళ్లు అబద్ధం ఆడుతున్నారనీ అనను. ఉబ్బసం స్వభావమే ఎక్కడం, దిగడం. బాగా ఎక్కినప్పుడే మనిషి రైలెక్కి హైదరాబాదు పోతాడు. ఏ మందూ వేయకపోయినా కొన్నాళ్లకు దిగేదే. తగ్గింది చేపతోనా, కాలంతోనా అని తేల్చాలంటే తిరువళ్లూరులో బీసీజీకి చేసినట్టు చీటీలు తీసి, సగం మందికి ఉత్త చేప మింగించి చూడాలి. ప్రసాదం తీసుకుంటానంటే నేను అడ్డు చెప్పను, పసిపిల్లకు మాత్రం బతికున్న చేప గొంతులో పెట్టవద్దంటాను. ప్రసాదం తీసుకున్నామని ఇన్‌హేలర్ ఆపేయడమే అసలు కీడు.

ఇక డబ్బు, చేతనవడం. ఇన్‌హేలర్‌ను నేరుగా నోట్లో పెట్టి నొక్కితే పిల్లల విషయంలో మందు నాలుక మీదే పడిపోతుంది. మధ్యలో స్పేసర్ గొట్టం ఉండాలి. 1999లో కేప్‌టౌన్‌లో పరీక్షించి చూస్తే, కూల్‌డ్రింకు తాగేసిన అర లీటరు ప్లాస్టిక్ సీసా కూడా కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసింది. సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి ఆకారంలో కాల్చిన తీగతో రంధ్రం చేసి, సందు లేకుండా జిగురుతో మూశారు. సందు వదిలేసిన సీసా అంత బాగా పనిచేయలేదు. ఇన్‌హేలర్‌ను బాగా ఊపాలి. సీసా మూతిని పెదాలతో గట్టిగా పట్టించాలి. ఒక్కసారే నొక్కి, పిల్ల మామూలుగా ఐదారు ఊపిర్లు పీల్చేదాకా ఆగాలి. రెండో పఫ్‌కు మళ్లీ ఊపాలి. రెండూ ఒకేసారి నొక్కేస్తే మందు గోడలకే అంటుకుంటుంది. స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి తీసి నీళ్లు కారేలా నిలబెట్టాలి తప్ప గుడ్డతో తుడవకూడదు. తుడిస్తే ప్లాస్టిక్‌కు పుట్టే విద్యుత్తు మందును గోడకు లాగేస్తుంది. నివారణ మందు పీల్చాక నోరు పుక్కిలించాలి. ఇంతే. ఈ నాలుగు మాటలు చెప్పి, పిల్ల చేత చేయించి చూడడానికి పది నిమిషాలు చాలు. రద్దీగా ఉండే ఓపీలో డాక్టరుకు ఆ పది నిమిషాలు దొరకవు, నర్సుకు దొరకవచ్చు.

బుడెసొనైడ్, సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు రెండూ మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. జాబితాలో ఉండడం ఒకటి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బీరువాలో నెల నెలా ఉండడం వేరు. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన మక్కళై తేడి మరుత్తువం పథకంలో బీపీ, షుగరు మాత్రలు ఇంటి గుమ్మంలోకి వస్తున్నాయి. రోజూ వాడాల్సిన మందు రోజూ అందాలన్న ఆలోచనే దానికి మూలం, 1959లో మద్రాసు నేర్పింది అదే. ఆ మాత్రలు తెచ్చే సంచిలో పిల్లల నివారణ ఇన్‌హేలర్‌కు చోటివ్వడం కొత్త ఆలోచనేమీ కాదు. ఖర్చు పెరుగుతుందనేవాళ్లు అర్ధరాత్రి ఆటోకు, నెబులైజర్‌కు, తండ్రి పోగొట్టుకున్న కూలికి అయ్యే ఖర్చును కూడా అదే కాగితం మీద రాయాలి.

జీవితాంతం వాడాలా అన్న ప్రశ్న ఎప్పుడూ చివర్లోనే వస్తుంది. అక్కర్లేదు. రాత్రి దగ్గు లేకుండా, పరుగుకు ఆగకుండా, ఉపశమన మందు దాదాపు అక్కర్లేకుండా మూడు నెలలు గడిస్తే డాక్టరు మోతాదు తగ్గించి చూస్తారు. తగ్గించే కాలం కూడా చూసుకోవాలి. మన వైపు ఐప్పసి, కార్తీక మాసాల్లో ఈశాన్య వానలు, గోడల చెమ్మ, బళ్లో ఒకరి నుంచి ఒకరికి జలుబు. వెంటనే చలి, భోగి పొగ. అక్టోబరు నుంచి జనవరి దాకా మోతాదు జోలికి పోకుండా, వానలకు ముందే రెండు నెలల మందు ఇంట్లో పెట్టుకుని, ఫిబ్రవరి చివర్లో తగ్గించడం మొదలుపెడితే, మళ్లీ వానలొచ్చేలోపు ఆ పిల్లకు ఎంత మందు కావాలో తేల్చుకోవడానికి ఏడు నెలల వ్యవధి దొరుకుతుంది.